కౌన్సెలింగ్ సైకాలజీ చదవాలంటే: సీటు దగ్గర్నుంచి మొదటి క్లయింటు దాకా

మన దగ్గర కౌన్సెలింగ్ అనే మాట చాలా చోట్ల వినపడుతుంది. ఇంజనీరింగ్ సీట్లకి కౌన్సెలింగ్ ఉంటుంది. భార్యాభర్తల గొడవ స్టేషన్‌కెక్కితే ఎస్సై గారు చేసేదీ కౌన్సెలింగే. తాగి బండి నడిపి దొరికినవాళ్ళని కూర్చోబెట్టి చెప్పేదీ అదే. అందుకే ఈ కోర్సులో చేరేవాళ్ళలో చాలామంది "నాకు బాగా మాట్లాడటం వచ్చు, అందరికీ సలహాలు ఇస్తుంటాను, ఇది నాకు సరిపోతుంది" అనుకుని వస్తారు. ఆ అలవాటే ఈ చదువులో మొదట అడ్డం పడుతుంది. ఇంకో అడ్డం భాషది. పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి, రేపు మీ ఎదురుగా కూర్చునే మనిషి తెలుగులో ఏడుస్తారు. ఈ రెండింటినీ మొదటి సెమిస్టర్ నుంచే పట్టించుకోండి.

ముందు ఏ కుర్చీలో కూర్చోవాలో తేల్చుకోండి

మానసిక ఆరోగ్య రంగంలో ప్రధానంగా నాలుగు రకాలవాళ్ళు పనిచేస్తారు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఎండీ సైకియాట్రీ వంటి కోర్సు చేసిన డాక్టరు. మందులు రాసేది వాళ్ళే. క్లినికల్ సైకాలజిస్టుకి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు, ఆ మండలి రిజిస్టర్‌లో పేరు ఉండాలి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ దారిలో వస్తారు. కుటుంబం, ఉద్యోగం, పునరావాసం వాళ్ళు చూసుకుంటారు. కౌన్సెలింగ్ సైకాలజిస్టు సాధారణంగా సైకాలజీలో ఎంఏ లేదా ఎంఎస్సీ చేసి, బడుల్లో, కాలేజీల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, హెల్ప్‌లైన్లలో, ఆసుపత్రుల్లో పనిచేస్తారు.

ఎంఏ సైకాలజీ చేసినంత మాత్రాన బోర్డు మీద "క్లినికల్ సైకాలజిస్ట్" అని రాసుకోకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఆ మాటకి నిర్వచనం ఉంది. ఏళ్ళ తరబడి ఆ దారి రెండేళ్ళ ఎంఫిల్ మీదుగా నడిచింది. ఎంఫిల్ డిగ్రీలను యూజీసీ రద్దు చేశాక, క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కి మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి మీ గురి క్లినికల్ వైపు ఉంటే సీనియర్ల మాట మీద ఆధారపడొద్దు. వాళ్ళు చదివినప్పటి దారి ఇప్పుడు ఉండకపోవచ్చు. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో గుర్తింపు పొందిన సంస్థల జాబితా ఉంటుంది. కోర్సు పేరు, కాలేజీ పేరు, ఏ సంవత్సరం వరకు అనుమతి ఉందో, మూడూ సరిచూసుకున్నాకే ఫీజు కట్టండి.

కౌన్సెలింగ్ వైపు వెళ్ళేవాళ్ళకి 2021లో వచ్చిన అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ముఖ్యం. ప్రవర్తనా ఆరోగ్య వృత్తుల కింద సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు అందులోకి వస్తారు. రాష్ట్ర కౌన్సిళ్ళలో నమోదు ఈ చట్టం ప్రకారమే జరగాలి.

దూరవిద్య సంగతి

ఉద్యోగం చేసుకుంటూ చదువుదామనుకునేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీతో సహా పైన చెప్పిన 2021 చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపకూడదని యూజీసీ విశ్వవిద్యాలయాలకు చెప్పింది. అయినా "ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఎంఏ సైకాలజీ" అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఏ సెషన్‌కి, ఏ అనుమతితో అని రాతపూర్వకంగా అడగండి. మూడు నెలల డిప్లొమా, వారాంతపు సర్టిఫికెట్ కోర్సు చేసి "సర్టిఫైడ్ సైకోథెరపిస్ట్" అయిపోవచ్చనే ప్రకటనలూ కనిపిస్తాయి. డిగ్రీ ఉన్నవాళ్ళకి అలాంటి కోర్సు అదనపు నైపుణ్యంగా పనికిరావచ్చు. అది డిగ్రీకి బదులు అవదు.

సీటు తెచ్చుకోవడం

ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా బీఏలో సైకాలజీ తీసుకునే వీలు చాలా కాలేజీల్లో ఉంటుంది. డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో, తెలంగాణలో దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఓఏఎండీసీ ద్వారా జరుగుతాయి. సొంతంగా ప్రవేశాలు జరుపుకునే అటానమస్ కాలేజీలు వేరు. పీజీకి ఉస్మానియా వంటి తెలంగాణ వర్సిటీల్లో సీపీగెట్, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర వంటి చోట్ల ఏపీ పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీకి సీయూఈటీ పీజీ రాయాలి. బీకాం, బీటెక్ చేసినవాళ్ళని కూడా తీసుకునే వర్సిటీలు ఉన్నాయి. డిగ్రీలో సైకాలజీ ఉండి తీరాలనేవీ ఉన్నాయి. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అర్హత పేరా ఒక్కటైనా మీరే స్వయంగా చదవండి.

కాలేజీకి వెళ్ళినప్పుడు భవనం, లైబ్రరీ చూసి వచ్చేయకండి. రెండో ఏడాది విద్యార్థిని ఒకరిని పట్టుకుని ఇవి అడగండి: ఫీల్డ్‌వర్క్‌కి ఎక్కడికి పంపుతున్నారు? వారానికి ఎన్ని రోజులు? మీరు చేసిన సెషన్ మీద ఎవరైనా కూర్చుని మీతో మాట్లాడతారా, లేక రికార్డు మీద సంతకం పెట్టి పంపేస్తారా? ఒక్కో సూపర్‌వైజర్‌కి ఎంతమంది విద్యార్థులు? ఈ ప్రశ్నలకి నీళ్ళు నమిలే కాలేజీలో మార్కులు రావచ్చు, పని రాదు.

మొదటి సెమిస్టర్: స్టాటిస్టిక్స్‌ని వాయిదా వేయకండి

ఆర్ట్స్ నుంచి వచ్చినవాళ్ళు లెక్కలని చూసి జంకి చివరికి నెడతారు, పరీక్ష ముందు ఫార్ములాలు బట్టీ పడతారు. దానికంటే తేలికైన దారి ఉంది. క్లాసులో 30 మంది ఒక రోజు ఎన్ని గంటలు నిద్రపోయారో, ఎన్ని గంటలు ఫోన్ చూశారో రాయించుకోండి. సగటు, స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్ ముందు చేత్తో చేయండి. తర్వాత అవే అంకెలని జమోవి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి సరిచూసుకోండి. టీ-టెస్ట్, కై-స్క్వేర్, అనోవా కూడా ఇదే అంకెలతో నేర్చుకోవచ్చు. వారానికి మూడు గంటలు పెడితే సెమిస్టర్ అయ్యేసరికి భయం పోతుంది.

ప్రాక్టికల్స్‌లో తరచూ జరిగే తప్పు సీనియర్ రికార్డు దించేయడం. చివర ఉండే బాణపు గుర్తుల వల్ల ఒకే పొడవు గీతలు వేర్వేరు పొడవుల్లా కనిపించే మ్యూలర్-లయర్ ప్రయోగాన్నే తీసుకోండి. గీతని పెంచుకుంటూ కొన్నిసార్లు, తగ్గించుకుంటూ కొన్నిసార్లు, కుడి వైపు నుంచి కొన్ని, ఎడమ వైపు నుంచి కొన్ని చేయిస్తాం. చేతి కదలిక వల్ల, గీత ఉన్న వైపు వల్ల వచ్చే పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలనే అలా చేయిస్తాం. ప్రయోగం తనే చేసినవాళ్ళకి ఇది అడగకుండానే తెలుస్తుంది. దించినవాళ్ళు వైవాలో "ఎందుకు నాలుగు రకాలుగా చేశావు?" అన్న మొదటి ప్రశ్నకే ఆగిపోతారు.

జబ్బుల పేర్లు చదివేటప్పుడు కాలపరిమితులకి, అంటే లక్షణాలు కనీసం ఎంతకాలం ఉండాలన్నదానికి వేరే పట్టిక రాసుకోండి. డిప్రెషన్ ఎపిసోడ్‌కి రెండు వారాలు. డీఎస్ఎం-5 (అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసిన జబ్బుల వర్గీకరణ పుస్తకం) ప్రకారం జనరలైజ్డ్ యాంగ్జయిటీకి ఆరు నెలలు, పీటీఎస్‌డీకి (ఘోరమైన ప్రమాదమో హింసో ఎదురయ్యాక వచ్చే జబ్బు) నెల పైన. స్కిజోఫ్రీనియాకి డీఎస్ఎంలో ఆరు నెలలు, ఐసీడీలో (ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ) ఒక నెల. పరీక్షల్లో ఎక్కువ మంది తడబడేది ఈ చివరి దాని దగ్గరే. మీ సిలబస్ ఐసీడీ-10 అంటోందా, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 అంటోందా అన్నది కూడా చూసుకోండి.

కౌన్సెలింగ్ సిద్ధాంతాలని ఒక్కొక్కటీ విడివిడిగా చదివితే నెలకల్లా అన్నీ కలిసిపోతాయి. ఒకే కేసు తీసుకుని, ఆ సిద్ధాంతాలు తెచ్చినవాళ్ళలో కార్ల్ రోజర్స్ అయితే ఈ మనిషితో ఎలా కూర్చునేవాడు, ఆరన్ బెక్ ఏ ఆలోచనని పట్టుకునేవాడు, ఆల్బర్ట్ ఎల్లిస్ ఏ నమ్మకంతో వాదించేవాడు అని తలా అరపేజీ రాయండి. నెలకి రెండు కేసులు చాలు.

అసలు పని: వినడం నేర్చుకోవడం

ముగ్గురు కలిసి ఒక జట్టు కట్టండి. ఒకరు క్లయింటు, ఒకరు కౌన్సెలర్, ఒకరు గమనించేవారు. 15 నిమిషాలు సెషన్, 10 నిమిషాలు చర్చ, తర్వాత పాత్రలు మార్చుకోవాలి. వారానికి రెండుసార్లు, తెలుగులోనే. క్లయింటుగా కూర్చునేవాళ్ళు తమ నిజమైన చిన్న ఇబ్బంది ఏదైనా తీసుకురావాలి. హాస్టల్ గదిలో గొడవ, అన్నతో మాటల్లేకపోవడం లాంటివి చాలు. పెద్ద గాయాలని ఇక్కడ తెరవొద్దు, మూయడం ఇంకా ఎవరికీ రాదు.

అనుమతి తీసుకుని రికార్డు చేసి, అందులో పది నిమిషాలు మాటకి మాట కాగితం మీద పెట్టండి. దీన్నే వర్బేటిమ్ అంటారు. నాలుగు గడులు గీయండి: క్లయింటు అన్నది, మీరు అన్నది, అప్పుడు మీ లోపల ఏమైంది, ఇంకెలా అని ఉండొచ్చు. పది నిమిషాలకి రెండు గంటలు పట్టినా ఆశ్చర్యపోకండి. ఈ కోర్సులో మీరు పెట్టే సమయంలో దీనికంటే విలువైనది లేదు.

ఉదాహరణకి ఇది చూడండి. క్లయింటు ఇంజనీరింగ్ రెండో ఏడాది విద్యార్థి.

"రెండు సబ్జెక్టులు పోయాయి మేడమ్. ఇంట్లో చెప్పలేదు. ఫోన్ మోగితే చాలు, గుండె దడదడలాడుతోంది."

"అయ్యో, బాధపడకు. సప్లీలో రాసేసుకోవచ్చు కదా."

"అవును మేడమ్."

అంతే, మాట ఆగిపోయింది. కౌన్సెలర్ అన్నదాంట్లో అబద్ధం లేదు, సప్లీ రాసుకోవచ్చు. కానీ ఆ అబ్బాయి చెప్పింది సబ్జెక్టుల గురించి కాదు, ఫోన్ గురించి. మూడో గడిలో నిజాయితీగా రాస్తే "అతని భయం చూస్తే నాకే కంగారు పుట్టింది, త్వరగా తగ్గించాలనిపించింది" అని వస్తుంది. ఇప్పుడు నాలుగో గడి:

"ఫోన్ మోగినప్పుడల్లా, ఇంట్లో తెలిసిపోయిందేమోనని..."

"నాన్న పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టారు మేడమ్. ఆయన గొంతు వింటేనే నాకు ఊపిరాడదు."

ఒక్క వాక్యం మారితే పొలం బయటికొచ్చింది. మీ వర్బేటిమ్‌లలో ఇలా మాటని మూసేసే పదాలని ఎర్ర సిరాతో చుట్టండి: "పర్లేదు", "అలా అనుకోకూడదు", "అర్థమైంది", "అందరికీ ఉండేదే". "ఎందుకు అలా చేశావు?" కూడా ఆ జాబితాలోదే. తెలుగులో అది నిలదీసినట్టు వినిపిస్తుంది. "ఆ సమయంలో ఏమైంది?" అని అడిగితే జవాబు వస్తుంది, "ఎందుకు" అంటే సంజాయిషీ వస్తుంది.

పిలుపుల్ని కూడా గమనించండి. క్లయింట్లు రెండో సెషన్‌కే "అక్కా", "అన్నా" అనేస్తారు. అలా పిలవొద్దని కసరడం అక్కర్లేదు. ఆ చుట్టరికంలోకి మీరు జారిపోకుండా చూసుకుంటే చాలు. అక్క అయితే అర్ధరాత్రి ఫోన్ ఎత్తాలి, పక్షం వహించాలి. వయసులో చిన్నవాళ్ళయినా "మీరు" అని మొదలుపెట్టి, వాళ్ళు "నువ్వు అనండి" అంటే మారండి. పెద్దావిడని "అమ్మా" అనడంలో తప్పులేదు.

తెలుగు మాటల పుస్తకం ఒకటి పెట్టుకోండి

చిన్న నోట్‌బుక్‌లో జనం బాధని చెప్పే మాటలు రాసుకుంటూ పోండి. "టెన్షన్" అంటే ఒకరికి భయం, ఇంకొకరికి కోపం, మరొకరికి అప్పు. "డిప్రెషన్‌లోకి వెళ్ళిపోయాను" అన్న కుర్రాడికి నిన్న సాయంత్రం మనసు బాగోలేకపోయి ఉండొచ్చు. నిజంగా డిప్రెషన్‌తో ఉన్న పెద్దాయన ఆ మాటే వాడడు. "ఏ పనీ చేయబుద్ధి కావట్లేదు, ఒళ్ళు బరువుగా ఉంటోంది, ఊరికే చిరాకు" అంటాడు. బెంగ వేరు, దిగులు వేరు, గుబులు వేరు, గాభరా వేరు. హాస్టల్‌లో వేసిన పిల్లకి ఉండేది బెంగ. దాని వెనక దూరమైన మనిషో ఇల్లో ఉంటుంది. గాభరాలో ఊపిరి, గుండె, చెమట ఉంటాయి. ఏ మాట పడితే ఆ మాట అనేస్తే ఎదుటివాళ్ళు సర్దుకుని ఊరుకుంటారు, కానీ మీరు వినలేదని వాళ్ళకి తెలిసిపోతుంది.

అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, తల బరువు, నీరసం అంటూ వచ్చేవాళ్ళ విషయంలో తొందరపడి మనసుకి ముడిపెట్టకండి. థైరాయిడ్, బీ12, రక్తహీనత, షుగర్ పరీక్షలు అయ్యాయా అని అడగడం మీ మొదటి పని. గాలి సోకింది, దిష్టి తగిలింది అంటే కొట్టిపారేయకండి. "అలా అని ఎవరన్నారు, ఎప్పటినుంచి, దానికి ఏం చేయించారు" అని అడిగితే సగం కేసు హిస్టరీ వచ్చేస్తుంది.

ఈ పుస్తకంలో ఒక పేజీ మాత్రం బాగా కనిపించేలా గుర్తు పెట్టుకోండి. "పడుకుంటే మళ్ళీ లేవకపోతే బాగుండు", "ఎక్కడికైనా వెళ్ళిపోవాలనుంది", "నా వల్ల అందరికీ భారం" అన్న మాటలు ఆ పేజీలోవి. ఇవి వినగానే విషయం మార్చొద్దు. "చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామనే భయం అక్కర్లేదు. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్న ఊరట కలుగుతుంది. అవునంటే ఎంత తరచుగా, ఎప్పుడెలా అని అనుకున్నారా, ఇంతకుముందు ప్రయత్నించారా, ఈ రాత్రి ఇంట్లో తోడు ఎవరున్నారు అని అడగాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. విద్యార్థిగా ఈ నిర్ణయం మీరొక్కరే తీసుకోకూడదు, అదే గంటలో సూపర్‌వైజర్‌కి చెప్పాలి, అవసరమైతే ఆసుపత్రికి చేర్చాలి. ఇంట్లో పురుగుమందు, మాత్రలు వంటివి అందకుండా తీసేయమని ఇంటివాళ్ళకి చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 మీ ఫోన్‌లోనూ, క్లయింటు చేతిలోనూ ఉండాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవ తెలుగులోనూ అందుతుంది. పోలీసు కేసవుతుందని భయపడే కుటుంబాలకి 2017 చట్టం 115వ సెక్షన్ గురించి చెప్పండి. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ అది చెబుతోంది.

స్కేళ్ళు వాడేటప్పుడు

డిప్రెషన్ లక్షణాలని అంచనా వేసే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 5, 10, 15, 20 దగ్గర తీవ్రత మారుతుంది. గత రెండు వారాల గురించే అడగాలి. తెలుగులో చదివి వినిపించేటప్పుడు చిక్కు "సగం కంటే ఎక్కువ రోజులు" దగ్గర వస్తుంది. చదువు తక్కువ ఉన్నవాళ్ళు అన్నిటికీ "రోజూ అంతేనమ్మా" అనేస్తారు. "పోయిన పండగ నుంచి ఇప్పటిదాకా" అనో "రెండు సంతల ముందు నుంచి" అనో వాళ్ళకి తెలిసిన గుర్తు పెట్టి, ఆ 14 రోజుల్లో ఎన్ని రోజులు అని అడగండి. మీ ఇష్టమొచ్చినట్టు అనువదించుకోకుండా, ఉన్న తెలుగు అనువాదాన్నే వాడండి. చచ్చిపోవడం, తనకి తాను హాని చేసుకోవడం గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా, మొత్తం స్కోరు నాలుగే అయినా సరే, అక్కడే ఆగి మాట్లాడాలి. స్కోరు చూసి "మీకు డిప్రెషన్ ఉంది" అనకండి. ఇది జల్లెడ మాత్రమే.

ఫీల్డ్‌వర్క్

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాల, జిల్లా ఆసుపత్రుల సైకియాట్రీ విభాగాలు, హింసకి గురైన మహిళల కోసం నడిచే సఖి కేంద్రాలు, డీఅడిక్షన్ సెంటర్లు, బడులు ఉన్నాయి. వీటిలో కనీసం రెండు వేర్వేరు రకాల చోట్ల పనిచేయండి. ఒక్క బడిలోనే చేస్తే తీవ్రమైన జబ్బు ఎలా ఉంటుందో తెలియదు, ఒక్క ఆసుపత్రిలోనే చేస్తే మామూలు బాధ కూడా జబ్బులా కనిపిస్తుంది.

మొదటి సెషన్ మొదటి అయిదు నిమిషాల్లోనే గోప్యత ఎంతవరకో చెప్పేయండి. "మీరు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పనిపిస్తే, చిన్నపిల్లల మీద లైంగిక హింస సంగతి తెలిస్తే మాత్రం చెప్పాల్సి వస్తుంది. నేను విద్యార్థిని కాబట్టి మా సూపర్‌వైజర్‌తోనూ చర్చిస్తాను." 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లల మీద లైంగిక నేరం సంగతి ఎవరికి తెలిసినా పోలీసులకి చెప్పి తీరాలి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అని పాప అడిగాక ఈ ముక్క చెబితే నమ్మకం విరిగిపోతుంది.

మన దగ్గర క్లయింటు ఒంటరిగా రావడం అరుదు. వెంట అమ్మో, మేనమామో, ఆడపడుచో ఉంటారు, ప్రశ్న అమ్మాయిని అడిగితే జవాబు వాళ్ళు చెబుతారు. వాళ్ళని బయటికి పొమ్మనకండి. మొదటి పది, పదిహేను నిమిషాలు అందరితో మాట్లాడి, తర్వాత "ఇప్పుడు తనతో ఒక అరగంట మాట్లాడతాను, చివర్లో మళ్ళీ అందరం కూర్చుందాం" అని ముందే చెప్పండి. బయటికొచ్చాక "ఏం చెప్పింది?" అని అడుగుతారు. "తను చెప్పిన మాటలు తనవేనమ్మా. మీరు ఇంట్లో ఏం చేస్తే తనకి తేలికవుతుందో అది మాత్రం తనని అడిగి మీకు చెప్తాను" అంటే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

నోట్సులో క్లయింటు పేరు బదులు కోడ్ రాయండి. పేరు, కోడ్ ఉన్న జాబితా వేరే చోట తాళం వేసి ఉంచండి. వాట్సాప్ గ్రూపులో కేసు చర్చ పెట్టకండి. పేరు తీసేసినా చిన్న ఊళ్ళో "ఆ వీధి టీచరమ్మ కోడలు" అని ఇట్టే పోల్చేస్తారు.

సూపర్‌విజన్‌కి వెళ్ళేటప్పుడు బాగా జరిగిన సెషన్ కాకుండా, మీరు ఇరుక్కుపోయిన సెషన్‌లోని పది నిమిషాలు పట్టుకెళ్ళండి. కొందరు క్లయింట్లు వెళ్ళాక రాత్రంతా మీకు నిద్ర పట్టదు, కొందరిని చూస్తే కారణం లేకుండా కోపం వస్తుంది. అవి కూడా అక్కడ చెప్పాల్సిన విషయాలే. మీరు స్వయంగా కొన్ని సెషన్లు క్లయింటుగా కూర్చోవడం కూడా మంచిది. అయితే మీకు మార్కులు వేసేవాళ్ళ దగ్గర కాదు.

డిజర్టేషన్ (కోర్సు చివర రాసే పరిశోధన వ్యాసం) దగ్గర ఒక్క మాట: అంశం చిన్నదిగా తీసుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి, స్కేలు వాడుకోవడానికి దాని హక్కుదారుల అనుమతి మూడో సెమిస్టర్‌లోనే అడగండి. డేటా తీశాక అడిగితే ఆ డేటా పనికిరాకుండా పోవచ్చు.

చదువయ్యాక

2025 జూలైలో, విశాఖలో నీట్‌కి చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలన్నీ అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలని అందులో ఉంది. మన కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో ఈ అవసరం ఎంత ఉందో వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగంలో చేరే ముందే మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: తలుపు మూసుకునే గది ఒకటి, పిల్లలు చెప్పినవి యాజమాన్యానికి ఇవ్వక్కర్లేదన్న హామీ, మీకు అడ్మిషన్ల పనీ ఇన్విజిలేషనూ అంటగట్టరన్న మాట. మూడోది రాయించుకోకపోతే మే నెలలో మీరు కౌన్సెలింగ్ గదిలో కాక, ఊళ్ళు తిరుగుతూ అడ్మిషన్లు పట్టే పనిలో ఉంటారు.

అమెరికాలో చదవాలనుకునేవాళ్ళు క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్‌లో సీఏసీఆర్ఈపీ (అక్కడ కౌన్సెలింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న 60 క్రెడిట్ల మాస్టర్స్ వెతకండి. అందులో 100 గంటల ప్రాక్టికమ్ (సూపర్‌వైజర్ కింద చేసే మొదటి విడత సాధన), 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. డిగ్రీ తర్వాత లైసెన్సుకి ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివే. అందుకే ఏ రాష్ట్రంలో ఉండబోతున్నారో ముందు చూసుకుని, ఆ రాష్ట్ర బోర్డు నియమాలని పక్కన పెట్టుకుని కాలేజీని ఎంచుకోండి.

ఇక్కడ పనిచేసినా అక్కడ పనిచేసినా మొదటి రెండేళ్ళు పదిహేను రోజులకి ఒకసారి సూపర్‌విజన్ మానకండి, దానికయ్యే ఖర్చుని ముందే జీతంలోంచి తీసి పక్కన పెట్టుకోండి. ఆ తెలుగు మాటల నోట్‌బుక్‌ని కూడా మూసేయకండి. శ్రీకాకుళం నుంచి వచ్చినావిడ "మనసు బాగోలేదు" అన్నదానికీ, ఆదిలాబాద్ నుంచి వచ్చినావిడ "పానం మంచిగ లేదు" అన్నదానికీ ఒకటే అర్థమని ముందే అనుకోకుండా, ఇద్దరినీ "అంటే ఎట్లా ఉంటుందమ్మా?" అని అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి.